మోటారు ముచ్చట్లు: చల్లారిన కుంపటి

కారులో హీటరంటే మన వైపు నవ్వుతారు. బెజవాడ ఎండల్లో తిరిగే బండికి మళ్ళీ కుంపటి కూడానా అంటారు. కాని ఇప్పుడు మన పిల్లలు ఎక్కడెక్కడో కాపరాలుంటున్నారు. కిందటి జనవరిలో నేను అమెరికాలో, మినియాపోలిస్‌లో, మా మేనల్లుడి ఇంట ఉన్నాను. బయట సున్నాకు దిగువన 20 డిగ్రీలు. మావాడి కారుకు 18 ఏళ్ళు. హీటరు మీట చివరిదాకా తిప్పినా గోరువెచ్చని గాలి తప్ప రాదు. వెనక సీటులో మూడేళ్ళ పిల్ల శాలువలో ముడుచుకుపోయింది. అంతకన్న భయమేమంటే, మా ఊపిరి ముందు అద్దం లోపలివైపు మంచుపొరగా పేరుకుంది. వాడు ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో అద్దం గీకుతూ ఇల్లు చేర్చాడు. హీటరు సుఖానికే కాదు, చూపుకు కూడా అని ఆనాడు బాగా తెలిసింది.

"మామయ్యా, హీటరు కోరు మార్చాలన్నాడు మెకానిక్కు. డాష్‌బోర్డంతా ఊడదీయాలిట. కారు కొన్న ధరలో సగం అవుతుందిట."

"తొందరపడకురా. పొద్దున్నే చూద్దాం" అన్నాను.

పాఠకులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఇటువంటి కార్లలో హీటరు తనంతట తాను వేడి పుట్టించదు. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీటిని అరువు తెచ్చుకుంటుంది. హీటరు కోరంటే డాష్‌బోర్డు వెనక దాగిన చిన్న రేడియేటరే. ఆ నీరు దానిలోంచి పోతుంటే ఫాను గాలి విసురుతుంది. అంతే. అరువిచ్చేవాడి ఇంట గింజలు లేకపోతే తెచ్చుకునేవాణ్ణి తిట్టి ఏం లాభం? ముందు ఇంజనును చూడాలి.

మర్నాడు ఇంజను చల్లగా ఉండగా రేడియేటరు మూత తీసి చూశాం. నీరు నిండుగానే ఉంది. నీరు తగ్గితే ఎత్తున ఉన్న హీటరులో గాలి చేరుతుంది. కారు పరుగెత్తేటప్పుడు వేడి వచ్చి, ఆగినప్పుడు చల్లబడితే మొదట అనుమానించవలసింది దీన్నే. ఇంజను వేడిగా ఉండగా మాత్రం మూత ముట్టుకోకూడదు. లోపలి నీరు ఎగజిమ్మి ముఖం కాలుస్తుంది.

తరువాత కారును ఆరుబయటికి తెచ్చాం. మూసిన గరాజులో ఇంజను నడిపితే విషవాయువు ప్రాణం తీస్తుంది. ఇంజను స్టార్టు చేసి, ఫానుకు దూరంగా చెయ్యి పెట్టి రేడియేటరు పై గొట్టం తాకి చూశాను. మంచి ఇంజనులో అది కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఆ తరువాత చటుక్కున కాగాలి. ఇదేమో మొదటి నిమిషం నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడసాగింది. దొంగ దొరికాడు!

వాడి పేరు థర్మోస్టాటు. నీరు 80, 90 డిగ్రీలకు కాగేదాకా రేడియేటరు దారి మూసి ఉంచే ద్వారపాలకుడు. ఆ తలుపు తెరుచుకుని బిగుసుకుపోతే, నీరు కాగకముందే రేడియేటరులోకి పోయి చల్లారుతుంది. పెద్దరోడ్డు ఎక్కగానే వేడి ముల్లు కిందికి దిగడం దీని లక్షణమే. ఇంజను చల్లారాక విప్పి చూస్తే చన్నీటిలోనే నోరు తెరుచుకుని ఉంది. కొత్తది, దాని గాస్కెట్టు బిగించి, నీరు నింపి, లోపలి గాలి పోనిచ్చాం. పూట పని.

థర్మోస్టాటు మంచిదైతే హీటరుకు పోయే రెండు గొట్టాలూ తాకండి. రెండూ కాగుతూ గాలి మాత్రం చల్లగా ఉంటే, లోపల గాలిని మళ్ళించే తలుపు కదలడం లేదన్నమాట. ఒకటి కాగి రెండోది చల్లగా ఉంటే కవాటం మూసుకుందో, కోరు పూడిందో. పూడిన కోరును మార్చేముందు గొట్టాలు విప్పి, తోట గొట్టంతో నెమ్మదిగా ఎదురు దిశలో నీళ్ళు పంపి కడగవచ్చు. జోరుగా కొడితే పాత కోరు పగులుతుంది. కారులో తియ్యని వాసన, కాళ్ళ కింద తడి ఉంటేనే కోరు కారుతున్నట్లు. అప్పుడు మార్చక తప్పదు.

మన ఊళ్ళలో రేడియేటరులో బావినీళ్ళు పోయడం అలవాటు. చలిదేశంలో అది గడ్డకట్టి ఇంజనునే పగలగొడుతుంది. అక్కడ గ్లైకాలు, శుద్ధజలం సగం సగం కలిపి పోస్తారు. ఆ గ్లైకాలు తియ్యని విషం. ఒలికితే వెంటనే కడగండి. పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందనివ్వకండి.

ఆ సాయంత్రం మళ్ళీ బయలుదేరాం. పది నిమిషాల్లో అద్దం తేటపడింది. వెనక సీటులోంచి, "తాతయ్యా, శాలువ తీసెయ్" అని వినిపించింది.