మైనింగ్ మిషన్ చవకే, కరెంటు బిల్లు చవక కాదు

ఇంట్లో బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్ పెడతాం, ఏది కొనాలన్నా అని మన సూళ్లూరుపేట పక్క పిల్లోళ్లు అడుగుతుండారు. వడ్లమ్మిన డబ్బులు పెట్టేముందు ఈ లెక్క చూడండి.

2016లో వచ్చిన యాంట్‌మైనర్ ఎస్9 ఇప్పుడు సెకండ్ హ్యాండులో చవక. పని 14 టెరాహాష్, కరెంటు 1,350 వాట్లు. కొత్త ఎస్21 పని 200 టెరాహాష్, కరెంటు 3,500 వాట్లు. అంటే ఒకే పనికి పాతది అయిదింతలు పైగా కరెంటు తాగుద్ది.

సరే, కొత్తదే కొందామా? అది దాదాపు అయిదు హెచ్‌పీ మోటారు రేయింబవళ్లు ఆడినట్టు. రోజుకి 84 యూనిట్లు. ఇంటి మీటరు మీద నెలకి 20 వేలు దాటుద్ది. షార్‌లో రాకెట్ మోత నిమిషాల్లో పోతుంది, దీని మోత ఆగదు.

రాబడి చూస్తే, 2024 ఏప్రిల్‌లో ఒక్కో బ్లాకుకి ఇచ్చేది 6.25 కాయిన్ల నుంచి 3.125కి తగ్గింది. లాభం మీద 30 శాతం పన్ను, అందులో కరెంటు ఖర్చు తీసెయ్యనియ్యరు.

బోరు మోటారు ఫ్రీ కరెంటుకి తగిలిద్దామనే ఆలోచన అసలొద్దు. అది పైరుకిచ్చింది, అందరి పైరుకీ.

బిల్లు ఖాయం, కాయిన్ ఖాయం కాదు. నన్నడిగితే రెండూ వద్దు. మీరేమంటారు?