బడి ముగిశాక పని ఎక్కడ?

సంపాదకులకు,

దివ్యాంగ యువతకు రిజర్వేషన్లే ఉపాధి చూపుతాయన్న ఇటీవలి వ్యాసంలోని వాదన అసంపూర్ణం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం కేటాయించినా, ఆటిజం, నేర్చుకునే శక్తిని పరిమితం చేసే మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివి గలవారందరికీ కలిపి దక్కేది 1 శాతమే. ఉచిత విద్యాహక్కు సైతం 18 ఏళ్లతో ముగుస్తుంది. అయితే అదే చట్టంలోని 19వ సెక్షన్ వీరి వృత్తిశిక్షణను ప్రభుత్వ బాధ్యతగా పేర్కొంది. కడియం నర్సరీల్లో కవర్లలో మట్టి నింపడం, కోనసీమలో కొబ్బరిపీచు తాళ్లు పేనడం వంటి పనులను చిన్న అంచెలుగా విడదీసి, శిక్షకుడు పనిచోటే తోడుండి నేర్పి, పట్టు చిక్కాక క్రమంగా తప్పుకునే సహాయక ఉపాధి పద్ధతి గోదావరి డెల్టాకు ఎంతో అనువైనది. దివ్యాంగుల పింఛను ఎంత అవసరమైనా ఉపాధికి ప్రత్యామ్నాయం కాదు. బడి చివరి ఏళ్లలోనే ఈ శిక్షణ ప్రారంభించాలని విద్యాశాఖకూ, చోటివ్వాలని నర్సరీ రైతులకూ విజ్ఞప్తి.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం