బండి బాగోగులు: బెల్టు మార్చాక ఇంజను కొట్టుకుంటుంటే

ఈ నెల చర్ల నుండి ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరానికి జవాబిస్తున్నాము. ఆయనకు ఒక పాత ఓమ్నీ వ్యాను ఉన్నది. మిరప కోతల కాలంలో కూలీలను చేలకు చేర్చడం, మిగతా రోజుల్లో దుమ్ముగూడెం మండలం మీదుగా భద్రాచలానికి మనుషులను తీసుకువెళ్ళడం ఆయన జీవనం. ఊళ్ళో ఎవరికి నొప్పులు వచ్చినా, జ్వరం ముదిరినా ముందుగా తట్టేది ఆయన తలుపే. ఇటీవల టైమింగ్ బెల్టు మార్పించారు. మరునాటి నుండి ఇంజను కొట్టుకుంటున్నది, ఎత్తు వస్తే లాగడం లేదు. ఒకరు హెడ్డు విప్పాలన్నారు, మరొకరు కార్బురేటరు మార్చాలన్నారు. "అప్పు చేసి బెల్టు వేయించాను, ఇంకెంత పెట్టాలి?" అని అడిగారు.

మా జవాబు ఒక్కటే. నిన్న బాగున్న బండి బెల్టు మార్చిన మరునాడు చెడితే, ముందుగా అనుమానించవలసింది ఆ పనినే. హెడ్డు విప్పడం ఆఖరి మెట్టు, మొదటిది కాదు.

మన పల్లెల్లో చేయి తిరిగిన మెకానిక్కులు చాలామంది ట్రాక్టర్ల మీద, ఆయిల్ ఇంజన్ల మీద పని నేర్చినవారే. వాటిలో క్రాంకు నుండి కామ్‌షాఫ్టును తిప్పేవి చాలావరకు గేర్లు. గేరు పళ్ళను గుర్తుకు గుర్తు కలిపి బిగిస్తే అది ఇక జారదు. పళ్ళున్న రబ్బరు బెల్టు సంగతి వేరు. 1962లో జర్మనీలో గ్లాస్ 1004 అనే కారులో మొదలైన ఈ పద్ధతి తరువాత చాలా చిన్న కార్లకు వ్యాపించింది. బెల్టు చవక, చప్పుడు తక్కువ. కాని బిగించేటప్పుడు ఒక్క పన్ను అటూ ఇటూ అయితే ఇంజను లెక్కంతా తప్పుతుంది.

ఎంత తప్పుతుందో చూడండి. క్రాంకు పల్లీకి 20 పళ్ళు ఉన్నాయనుకుందాము. ఒక చుట్టు 360 డిగ్రీలు గనుక ఒక్క పన్నుకు 18 డిగ్రీలు. బండి నిలబడి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పిస్టను పైకి చేరడానికి కొద్ది డిగ్రీల ముందే స్పార్కు పడాలి. కార్బురేటరు ఉన్న పాత ఓమ్నీలో డిస్ట్రిబ్యూటరును తిప్పేది కామ్‌షాఫ్టే. కాబట్టి కామ్ ఒక పన్ను ముందుకు జరిగితే వాల్వులతోపాటు స్పార్కు కూడా 18 డిగ్రీలు ముందవుతుంది. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే మంట దానిని కిందికి నెడుతుంది. అందుకే ఆ కొట్టుకోవడం, ఆ బలహీనత. వెనుకకు జరిగితే కొట్టుకోదు గాని, పికప్ ఉండదు, ఇంజను వేడెక్కుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. కొట్టుకుంటుందని డిస్ట్రిబ్యూటరును కొంచెం తిప్పుతారు. చప్పుడు తగ్గుతుంది, బాగైందనుకుంటారు. స్పార్కు సరిపడింది గాని వాల్వులు ఇంకా తప్పు వేళకే తెరుచుకుంటున్నాయి. బండి లాగదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చప్పుడు పోయింది గనుక అసలు తప్పును ఇక ఎవరూ వెదకరు.

ఆ సహోదరుడు ఈ వరుసలో చూపించుకోవాలని మా సలహా.

1. తేలేవరకు బండిని బరువుతో నడపవద్దు. గట్టిగా కొట్టుకునే ఇంజనును అలాగే లాగిస్తే పిస్టన్లు, బేరింగులు పాడవుతాయి. అడవి దారిలో రోగితో ఆగిపోయే ప్రమాదం అంతకంటె పెద్దది.

2. ఖర్చు లేనివి ముందు చూడండి. అదే రోజు సీసాలో అమ్మే పెట్రోలు పోయించారా? కిరోసిన్ కలిసిన పెట్రోలుతో ఏ ఇంజనైనా కొట్టుకుంటుంది. రేడియేటరులో నీళ్ళున్నాయా? పని చేసేటప్పుడు తీసిన గొట్టాలన్నీ తిరిగి పెట్టారా? ప్లగ్గు తీగలు తారుమారు కాలేదు గదా? ఆ మూడు సిలిండర్ల వరుస 1-3-2.

3. క్రాంకు పల్లీ బోల్టు బిగువు చూడండి. అది వదులైతే పల్లీ ఊగి లోపలి దెబ్బలాగే వినిపిస్తుంది. ఆ ఊగుడుకు లోపలి కీ అరిగితే టైమింగు కూడా తప్పుతుంది.

4. ఇక బెల్టు మూత విప్పించండి. ప్లగ్గులు తీసి, స్పానరుతో ఇంజనును అది మామూలుగా తిరిగే వైపే చేతితో తిప్పాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకని సరిగ్గా రెండు చుట్ల తరువాత రెండు గుర్తులూ వాటి వాటి చోట్ల నిలవాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయవద్దు. క్రాంకు గుర్తును చూడవలసింది బెల్టు తిరిగే చిన్న పళ్ళ పల్లీ మీద. బయటి ఫ్యాను బెల్టు పల్లీ మీద కాదు.

ఈ రెండు చుట్ల పరీక్ష ఎందుకంటే, బెల్టు ఎక్కించిన క్షణంలో గుర్తులు సరిగానే కనిపిస్తాయి. టెన్షనరు లేని వైపు బెల్టులో కొంచెం సడలు మిగిలితే, ఇంజను తిరగగానే ఆ సడలు లాగబడి కామ్ పల్లీ జరుగుతుంది. తిప్పి చూడకుండా మూత వేసిన మెకానిక్కుకు అది తెలియదు. అతడు అజాగ్రత్తగా చేశాడని కాదు, ఆ ఒక్క మెట్టు మిగిలిపోయింది.

5. గుర్తులు కలిశాకే స్పార్కు టైమింగు సరిచేయాలి, ముందు కాదు.

6. అప్పటికీ లాగకపోతే కంప్రెషన్ చూపించండి. మూడు సిలిండర్లలోనూ ఒకేలా తక్కువ ఉంటే టైమింగును మరోసారి అనుమానించండి. ఒక్కదానిలోనే తక్కువైతే అప్పుడు వాల్వు, రింగులు, గాస్కెట్టు. హెడ్డు మాట అప్పుడే ఎత్తాలి.

ఇండికా డీజిల్ కార్లు ఉన్నవారికి ఒక మాట. అందులో అదే బెల్టు డీజిల్ పంపును కూడా తిప్పుతుంది గనుక మూడు గుర్తులు కలవాలి. పంపు ముందుకు జరిగితే గట్టిగా కొట్టుకుంటుంది. వెనుకబడితే తెల్లపొగ వస్తుంది, బలం ఉండదు. డీజిల్ ఇంజనులో వాల్వుకు, పిస్టనుకు మధ్య ఖాళీ చాలా తక్కువ. పళ్ళు ఎక్కువ తప్పితే రెండూ తగిలి వాల్వులు వంగుతాయి. అనుమానమున్నప్పుడు సెల్ఫు కొట్టవద్దు, తోసి స్టార్టు చేయనే వద్దు.

బెల్టు మార్చబోయేవారు పాతది విప్పకముందే గుర్తులు కలుస్తున్నాయో లేదో చూడమనండి. ఆ తరువాత పాత బెల్టు మీద, పల్లీల మీద రంగు చుక్కలు పెట్టి, పళ్ళు లెక్కపెట్టి కొత్త బెల్టు మీదికి ఎక్కిస్తే పొరపాటు తగ్గుతుంది. క్రాంకు సీలు నుండి నూనె కారుతుంటే దానిని కూడా అప్పుడే మార్చాలి, నూనె తగిలిన బెల్టు త్వరగా పాడవుతుంది.

చివరగా, బెల్టు వేసిన మెకానిక్కు దగ్గరికే తిరిగి వెళ్ళండి. "నీవు చెడగొట్టావు" అంటే అతడు మూత విప్పడు, కార్బురేటరు చూపిస్తాడు. "ఒకసారి మూత తీసి, రెండు చుట్లు తిప్పి, ఇద్దరం కలిసి గుర్తులు చూద్దామన్నా" అనండి. తప్పు ఉంటే అతడి కంటికే కనిపిస్తుంది. ఒక పూట పనితో, కొత్త సామాను ఏదీ లేకుండానే బండి బాగుపడవచ్చు. ఈ పేజీని కత్తిరించి బండిలో పెట్టుకోండి, అప్పుడు చూపించడానికి పనికివస్తుంది.