మిరప కల్లంలో ఊపిరి

అద్దంకి చుట్టుపక్కల మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే ఆడవాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకున్నా దగ్గు ఆగదు. కాయలోని క్యాప్సైసిన్ శ్వాసనాళాల్లోని నరాల కొసలను రేపుతుంది. ఆ ఘాటు వెంటనే తెలిసిపోతుంది. పత్తి దుమ్ము అలా కాదు. జిన్నింగు మిల్లులో ఏళ్ల తరబడి దాన్ని పీల్చినవాళ్లకు, సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ పట్టేస్తుంది. ఆ జబ్బు పేరు బిస్సినోసిస్.

ఊపిరితిత్తులకు తగిలిన దెబ్బ గుండె దాకా వెళుతుంది. అందుకే ఈ సంచికలో గుండె, నెత్తురు, ఊపిరితిత్తుల గురించి కలిపే చెబుతున్నాం. ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ తగ్గిన రక్తం గుండె కుడివైపుకు చేరి, అక్కడినుంచి ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ కోట్లాది గాలితిత్తులు. గాలికీ నెత్తురుకీ మధ్య ఉన్న పొర, బాగా పలచనైన చోట, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని దాటిన ఆక్సిజన్‌ను ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ అందుకుంటుంది. గుండె ఎడమవైపు ఆ రక్తాన్ని ఒళ్లంతటికీ తోస్తుంది, ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 5 లీటర్లు. ఊపిరితిత్తులు ఏళ్ల తరబడి చెడితే గుండె కుడివైపు అలసిపోతుంది. రక్తహీనత ఉంటే గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. మన కూలి తల్లుల్లో ఎందరికో ఈ రెండు బరువులూ ఒకేసారి పడుతున్నాయి.

కల్లాల రైతులకు, మిల్లుల యజమానులకు మా విన్నపం: పనివాళ్లకు మంచి మాస్కులు ఇవ్వండి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రికి పంపండి, క్షయ ఉందేమో చూసే తెమడ పరీక్ష అక్కడ ఉచితం.