‘ఏది మేలు?’ అంటే.. ‘ఎవరికి?’ అని అడగండి!

‘ఈ రెండింటిలో ఏది మేలు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది అభ్యర్థులు క్షణం ఆలోచించకుండా ఒకవైపు చేరిపోతారు. గ్రూప్ డిస్కషన్‌లో అయితే ఇక చెప్పక్కర్లేదు, గొంతు పెంచినవాళ్లదే గెలుపు అనుకుంటారు. మార్కులు పోయేది తప్పు సమాధానం వల్ల కాదు, ఆ తొందర వల్ల.

మీరెవరూ బట్టీపట్టి ఉండని ఉదాహరణ ఒకటి తీసుకుందాం. సముద్రంలో దూర ప్రయాణాలు చేసే తెరచాప పడవకు ముందు చాపను ఎలా బిగించాలి? నావికుల మధ్య దశాబ్దాలుగా తెగని వాదన ఇది.

కొక్కేలా.. చుట్టలా?

పడవ మాస్ట్ పైనుంచి ముందు కొన దాకా ఒక ఉక్కు తీగ బిగించి ఉంటుంది. పాత పద్ధతిలో చాప అంచున వరసగా ఉన్న కొక్కేలను ఆ తీగకు తగిలించి, తాడుతో పైకి లాగుతారు. దీన్ని హ్యాంక్-ఆన్ అంటారు. గాలి పెరిగితే పెద్ద చాప దించి చిన్నది తగిలించాలి. అంటే అర్ధరాత్రయినా సరే, ఎగిరెగిరి పడుతున్న పడవ ముందు కొనకు ఒకరు వెళ్లాల్సిందే.

రెండోది రోలర్ ఫర్లింగ్. తీగ చుట్టూ అల్యూమినియం తొడుగు, అడుగున ఒక డ్రమ్ము ఉంటాయి. వెనక చుక్కాని దగ్గర కూర్చునే తాడు లాగితే చాలు, దుకాణం షట్టర్ చుట్టుకున్నట్టు చాప చుట్టుకుపోతుంది. కావాలంటే సగమే చుట్టి, సగం ఉంచుకోవచ్చు.

ఇంకేం, రెండోదే మేలు అంటారా? ఆగండి.

మూడు ప్రశ్నలు

మొదటిది: పడవలో ఎవరున్నారు? నలభై అడుగుల పడవలో భార్యాభర్తలిద్దరే ఉంటే, తడిసిన పెద్ద చాపను దించి మడవడం మాటలు కాదు. వాళ్లకు చుట్టే పద్ధతి సౌకర్యమే కాదు, ప్రాణరక్షణ కూడా. అదే చిన్న పడవైతే లెక్క మారుతుంది. లిన్, లారీ పార్డే దంపతులు ఇంజిన్ కూడా లేని 24 అడుగుల సెరాఫిన్‌లో ప్రపంచం చుట్టారు. కొక్కేల చాపలనే నమ్ముకున్నారు.

రెండోది: ఎక్కడికి వెళ్తున్నారు? సగం చుట్టిన చాప ఆకారం చెడి, మధ్యలో ఉబ్బుతుంది. అప్పుడు గాలికి ఎదురుగా పడవ సరిగ్గా సాగదు. తీరం వెంబడి తిరిగేవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది. తుపాను గాలిలో ఒడ్డుకు దూరంగా జరగాల్సిన పడవకు మాత్రం ఇదే పెద్ద ఆపద.

మూడోది, అందరూ మరిచిపోయేది: చెడిపోతే ఏం చేస్తారు? కొక్కేల పద్ధతిలో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. తాడు వదిలితే చాప కిందికి జారుతుంది, ఒక కొక్కెం విరిగినా మిగతావి పట్టుకుంటాయి. ఫర్లింగ్‌లో ఆ ఒక్క తాడు రాపిడికి తెగిందంటే, చుట్టిన చాప మొత్తం పెనుగాలిలో విచ్చుకుంటుంది. పైగా ఆ చాపను తీసేయాలంటే ముందు పూర్తిగా విప్పాలి. గాలికి భయపడి చుట్టినదాన్ని అదే గాలిలో విప్పడమన్నమాట!

నా మాటైతే ఇది. ఇద్దరే దూర ప్రయాణం చేసే పడవకు ముందు తీగపై చుట్టే చాప ఉండాలి. దాని వెనక ఇంకో తీగ బిగించి, తుపానుకు పనికొచ్చే చిన్న చాపను కొక్కేలతో సిద్ధంగా ఉంచాలి. ఇదేదో గోడ మీద పిల్లివాటం కాదు. రోజువారీ పనికి సౌకర్యం, గండం వచ్చిన రోజుకు సరళత. అయితే నేర్చుకునేవాళ్లు మాత్రం మొదట కొక్కేలతోనే నేర్చుకోవాలి. చాపను చేత్తో ఎక్కించి దించినవాడికే తాడు ఎందుకు బిగుసుకుందో అర్థమవుతుంది.

మీకెందుకిదంతా?

మీ ముందూ ఇలాంటి తాళ్లే ఉన్నాయి. ఒక్క క్లిక్కుతో కోడ్ రాసిచ్చే టూల్స్, ఒక్క ఫార్ములాతో లెక్క తేల్చే షీట్లు. వాడండి, వద్దనేవాళ్లు లేరు. కానీ ‘ఇది పనిచేయకపోతే ఏం చేస్తావు?’ అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు నీళ్లు నమిలితే, ఆ టూల్ మీ చేతిలో ఉన్నట్టు కాదు. మీరే దాని చేతిలో ఉన్నట్టు.

2017-18లో భారత నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురు ఐఎన్ఎస్‌వీ తారిణిపై 254 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. చివరి అంచెలో స్టీరింగ్‌లో లోపం వస్తే మారిషస్‌లో ఆగి, బాగుచేయించుకుని గోవా చేరారు. సముద్రం మీ సర్టిఫికెట్లు చూడదు. ఉద్యోగమూ మొదటి నెల దాటాక చూడదు.

కాబట్టి ఈసారి ‘ఏది మేలు?’ అని ఎవరైనా అడిగితే కంగారుపడకండి. ఎవరికి, ఎక్కడ, చెడిపోతే ఎలా అని మూడు ముక్కల్లో ఆలోచించండి. ఆ తర్వాత మాత్రం తప్పకుండా ఒక నిర్ణయం చెప్పండి. ‘రెండూ మంచివే సార్’ అని మాత్రం అనకండి. ఒడ్డున కూర్చున్నవాళ్ల జవాబది.