దశమ స్థానంలో ఫస్ట్ గ్రూప్

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడి పల్లెల్లో కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు మొదలైన తెలుగు సమూహాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలకు వస్తువు వీరి పూర్వికుల వలస జ్ఞాపకమే. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఈ సమూహాల ఇళ్లలో పిల్లలను ఏ గ్రూపులో చేర్చాలన్న ప్రశ్న తలెత్తుతుంది. గ్రూపు అంటే ప్లస్ వన్, ప్లస్ టూ (11, 12) తరగతుల్లో చదవవలసిన పాఠ్యాంశాల కూర్పు: గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు కలిసినది వాడుకలో ఫస్ట్ గ్రూప్, వాణిజ్యశాస్త్రం, అకౌంటెన్సీలతో కూడిన కూర్పు దానికంటే తక్కువదన్న పేరు మోస్తుంది. ఈ ఎంపికకు మార్కుల జాబితాతోపాటు జాతకచక్రాన్నీ చేతపట్టుకుని జోస్యుని దగ్గరకు వెళ్లే కుటుంబాలు ఉన్నాయి.

జాతకశాస్త్రం ప్రకారం లగ్నం నుంచి నాలుగో స్థానం విద్యను, దశమ స్థానం వృత్తిని సూచిస్తాయి. బుధుడు బలంగా ఉంటే గణితం, కుజుడు బలంగా ఉంటే యంత్రవిద్య అని చెబుతారు. ఈ సూత్రాల ప్రాచీన రూపం ఆరో శతాబ్దపు వరాహమిహిరుని ‘బృహజ్జాతకం’లో వృత్తిని నిర్ణయించే అధ్యాయంలో కనిపిస్తుంది. అందులో చంద్రునికి వ్యవసాయం, బుధునికి రాత, లెక్కలు, శనికి కాయకష్టం, వధ, బరువులు మోయడం, నీచమని పిలిచిన చేతిపనులు కేటాయించారు. ఇది ఆకాశాన్ని పరిశీలించి తెలుసుకున్నది కాదు. ఆనాటి సమాజంలో ఎవరి పని గొప్పది, ఎవరి పని తక్కువది అన్న అంచెలను తీసుకుపోయి గ్రహాలకు అంటగట్టిన పట్టిక. ప్లస్ టూ విధానం తమిళనాడులో 1978లో మొదలైంది కాబట్టి, దాని గ్రూపులకు అధిపతులైన గ్రహాలను ఆ తరువాతి జోస్యులే నియమించి ఉండాలి, ఏ పరీక్షా పెట్టకుండానే.

పరీక్ష పెట్టినప్పుడు ఏమైందో తెలిసిందే. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ 2008లో మహారాష్ట్రలో, అంధశ్రద్ధా నిర్మూలన సమితి సాయంతో, చదువులో మెరికలైన 100 మంది పిల్లల జాతకాలనూ, బుద్ధిమాంద్యం గల 100 మంది పిల్లల జాతకాలనూ కలిపి, ఏది ఏ వర్గానిదో చెప్పమని జ్యోతిష్కులను కోరారు. ఒక్కొక్కరు 40 జాతకాలు చూసిన 27 మంది ఇచ్చిన సరైన జవాబులు సగటున 46 శాతం. మొత్తం 200 జాతకాలనూ పరిశీలించిన ఒక జ్యోతిష సంస్థ సరిగ్గా చెప్పినవి 102. బొమ్మా బొరుసా వేసినా సుమారుగా ఇంతే వస్తుంది. తెలివికీ తెలివిలేమికీ తేడా కనిపెట్టలేని చక్రం వాణిజ్యానికీ జీవశాస్త్రానికీ తేడా చూపగలదని నమ్మడానికి ఆధారం లేదు. జోస్యుని మాట నిజమైనట్టు తోచడానికి కారణం వేరే ఉంది: మార్కులు అతనికి ముందే తెలుస్తాయి, తప్పిన జోస్యాన్ని గ్రహదశ మారిందన్న మాట సర్దేస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో బోధిస్తున్నారు గనుక జ్యోతిషం శాస్త్రమేనని కొందరు వాదిస్తారు. ఆ కోర్సులను హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ సవాలు చేయగా సుప్రీంకోర్టు 2004లో ఆయన అప్పీలును కొట్టివేసిన మాట నిజమే. అయితే ఏ కోర్సు పెట్టాలన్న నిపుణ సంస్థ నిర్ణయంలో కోర్టు జోక్యం చేసుకోలేదు, అంతేగాని గ్రహాలు వృత్తిని నిర్ణయిస్తాయని నిర్ధారించలేదు.

గ్రూపును నిజంగా నిర్ణయించేవి నేలమీదే ఉన్నాయి: ఊరికి దగ్గరి ప్రభుత్వ బడిలో ఆ గ్రూపు ఉందా, దానికి ఉపాధ్యాయులు ఉన్నారా, అగ్గిపెట్టెల కర్మాగారంలో తల్లి సంపాదించే కూలి బస్సు ఖర్చుకు చాలుతుందా, ఆడపిల్లను దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకుంటారా. ప్రభుత్వ బడుల విద్యార్థులకు వైద్యవిద్యలో 7.5 శాతం సీట్లు ప్రత్యేకించిన 2020 చట్టం, ఆ బడుల్లో జీవశాస్త్రం చదివేవారి అవకాశాలను ఏ గురుబలమూ పెంచనంతగా పెంచింది. ప్లస్ టూ ఉత్తీర్ణతలో విరుదునగర్ జిల్లా గతంలో ఏళ్ల తరబడి రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలవడానికి కారణం అక్కడి పిల్లలందరూ శుభలగ్నంలో పుట్టడం కాదు గదా!

పుట్టుకే చదువును నిర్ణయించాలన్న వాదం ఈ రాష్ట్రంలో ప్రభుత్వ విధానంగానూ వచ్చింది. నాటి ముఖ్యమంత్రి రాజాజీ 1953లో తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం ప్రకారం గ్రామీణ బాలలు రోజులో కొంత భాగమే బడిలో ఉండి, మిగతా సమయం తండ్రి వృత్తి నేర్చుకోవాలి. దీన్ని కులవిద్య అని పెరియార్ ఎదిరించారు. 1954లో ముఖ్యమంత్రి అయిన విరుదునగర్ వాసి కామరాజ్ దాన్ని రద్దు చేశారు. జాతకం చూసి పిల్లవానికి వృత్తి తేల్చడం, తండ్రి స్థానంలో శనినో బుధుణ్నో కూర్చోబెట్టిన అదే వాదం.

శనికి అంటగట్టిన పనులను తరతరాలుగా కులం పేరుతో మోసినవారిలో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఉన్నారు. వారికి ఎస్సీల 18 శాతం కోటాలో 3 శాతం సీట్లను తమిళనాడు 2009 చట్టంతో ప్రత్యేకించింది. ఇటువంటి ఉపవర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది. ఆ సీట్ల దరఖాస్తులో జన్మనక్షత్రం అడగరు.