సెకన్లలో నిర్ణయం – సంవత్సరాల ఫైలు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం వాళ్ళు అడిగినపుడు, "పాత విద్యార్థిగా మీ తీపి జ్ఞాపకాలు రాయండి సార్" అన్నారు. తీపి జ్ఞాపకాలు ప్రతి సంచికలోనూ ఉంటాయి. మెస్సులో నీళ్ళ పప్పు గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. నచ్చకపోతే పేజీ తిప్పేయండి, కోపం లేదు.

మా రోజుల్లో హాస్టల్ డాబా మీద చదువుకుంటూ ఉంటే హకీంపేట వైపు పోయే కిరణ్ జెట్లు తలమీదుగా వెళ్ళేవి. ఎన్.సి.సి. ఎయిర్ వింగులో ఉన్న నలుగురైదుగురం పుస్తకం మూసేసి కనుమరుగయ్యేదాకా చూసేవాళ్ళం. చివరికి మాలో ఒక్కడే, మేమంతా "అన్నా" అని పిలిచే ఒక సీనియర్, పైలట్ అయ్యాడు. కళ్ళజోడు వల్లనో మార్కుల వల్లనో మిగతావాళ్ళం నేలమీదే ఉండిపోయాం. ఆయన పేరు రాయను. రాస్తే ఆయనే ఊరుకోడు.

ఒకసారి సెలవులకు వచ్చినపుడు అడిగాను, "పైన ఇంజిన్ ఆగిపోతే ఏం ఆలోచిస్తావన్నా?" అని. "ఆలోచించనురా. ఆలోచించేదంతా కిందనే ఆలోచించి కంఠతా పట్టేస్తాం. పైన చేతులు వాటంతటవే పోతాయి. చెయ్యి ఆగి మనిషి ఆలోచించడం మొదలుపెట్టాడంటే అయిపోయినట్టే" అన్నాడు. వైమానిక దళంలో ఆ కంఠతా పాఠాన్ని 'బోల్డ్ ఫేస్' అంటారట. పరీక్షలో ఒక్క మాట తప్పినా ఆ రోజు విమానం ఎక్కనివ్వరు. మనం వైవాలో నమిలి మింగినట్టు అక్కడ కుదరదన్నమాట.

మిగ్-21 లాంటి విమానం ఇంజిన్ పోయాక గాలిపటంలా తేలుతూ దిగదు. అది మామూలుగా నేలకు దిగేదే గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో. ఇంజిన్ ఆగితే సీటు కింది హ్యాండిల్ లాగి బయటపడడమే దారి. అలా లాగినపుడు కుర్చీ అడుగున ఉన్న రాకెట్టు మనిషిని పైకి విసిరేస్తుంది. ఆ క్షణంలో తన బరువుకు పది పదిహేను రెట్లు వెన్నెముక మీద పడుతుంది. ప్రాణం దక్కినా వెన్నుపూసలు చితకడం సాధారణం. అంటే బతికి బయటపడ్డవాడు మళ్ళీ ఫైటర్ నడుపుతాడన్న హామీ లేదు.

ఇదంతా ఆకాశంలో జరిగే కథ. నేను రాయదలచుకున్నది నేలమీద జరిగేది. పైలట్ నిర్ణయానికి పట్టేది సెకన్లు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని తేల్చడానికి కార్యాలయాలకు ఏళ్ళు పడుతుంది. తేల్చాక అందులో రాసింది ఆ పైలట్‌కే చూపించరు.

స్క్వాడ్రన్ లీడర్ సంజీత్ సింగ్ కైలా సంగతి చూడండి. 2005 జనవరి 4న రాజస్థాన్‌లోని నాల్ స్థావరం నుంచి మిగ్-21లో బయలుదేరాడు. టేకాఫ్ అయిన కొద్ది సెకన్లకే వెనుక మంటలు. పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం కింద ఊరుంది గనుక వెంటనే దూకకుండా, విమానాన్ని ఇళ్ళకు అవతలగా మళ్ళించి, ఆ తరువాతే హ్యాండిల్ లాగాడు. ఊరు దక్కింది, ఆయన వెన్ను దెబ్బతిన్నది. ఫైటర్లు నడిపే అర్హత పోయింది. విమానం ఎందుకు అంటుకుంది? ఈ ప్రశ్నకు జవాబు ఆయనకు దొరికింది తన పై అధికారుల నుంచి కాదు, సమాచార హక్కు చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు ద్వారా! మీరూ నేనూ రేషన్ కార్డు ఏమైందని అడగడానికి పెట్టుకునే దరఖాస్తు లాంటిదే అది. లోపం తయారీలో, నాసిరకం పనితనంలో ఉందని విచారణలో తేలింది.

2013లో ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాడు. యూనిఫారంలో ఉంటూనే ప్రభుత్వం మీదా, విమాన తయారీ సంస్థ హెచ్.ఏ.ఎల్. మీదా కేసు వేయడం చిన్న విషయం కాదు. 2017 మే నెలలో తీర్పు వచ్చింది. హెచ్.ఏ.ఎల్. 50 లక్షలు, కేంద్రం 5 లక్షలు చెల్లించాలన్నారు. సైనికుడు యుద్ధంలోని ప్రమాదానికి ఒప్పుకుని చేరతాడే గానీ లోపమున్న యంత్రంలో కూర్చోవడానికి కాదనీ, సురక్షితమైన పరిస్థితుల్లో పనిచేసే హక్కు జీవించే హక్కులో భాగమేననీ ఆ తీర్పు సారాంశం. లా కాలేజి మిత్రులు దాన్ని పూర్తిగా చదవాలని నా మనవి. మంటలు లేచిన రోజు నుంచి తీర్పు దాకా పన్నెండేళ్ళు దాటింది.

ఆయన బతికున్నాడు గనుక అడిగాడు. చనిపోయినవాడి తరఫున ఎవరడుగుతారు? బ్రిటన్‌లో జరిగింది చెబుతాను. 1994 జూన్ 2న ఒక చినూక్ హెలికాప్టర్ స్కాట్లాండ్‌లోని మల్ ఆఫ్ కింటైర్ కొండను ఢీకొని 29 మంది చనిపోయారు. ఆ కొత్త రకం చినూక్‌ను పరీక్షిస్తున్న కేంద్రం, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ మీద సందేహాలతో దాన్ని ఎగరవేయడానికి అప్పటికే వెనుకాడుతున్నది. విచారణ జరిపిన బోర్డు పైలట్లది ఘోర నిర్లక్ష్యమని అనలేదు. ఆ ఫైలును పైన చూసిన ఇద్దరు ఎయిర్ మార్షల్స్ అన్నారు. చనిపోయిన పైలట్‌ను నిర్లక్ష్యపరుడనాలంటే ఏ మాత్రం సందేహం ఉండకూడదని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. అయినా రాసేశారు. ఆ ఇద్దరు పైలట్ల తండ్రులు, మిత్రులు, కొందరు పార్లమెంటు సభ్యులు పట్టువదలకుండా పోరాడితే 2011 జూలైలో గానీ ఆ మాట కొట్టివేయలేదు. పదిహేడేళ్ళు! ఓ పిల్లవాడు పుట్టి మన కాలేజీలో చేరే వయసు.

మన ఇంటి పక్క సంగతీ ఉంది. దుండిగల్ అకాడమీలో కేడెట్లు మొట్టమొదట ఎక్కే విమానం ఒకప్పుడు హెచ్.పి.టి.-32. ఒకే పిస్టన్ ఇంజిన్, దూకే సీటు లేదు. ఆ ఇంజిన్ గాలిలో ఉన్నట్టుండి ఆగిపోతుందని నేర్చుకునేవాళ్ళకూ తెలుసు, నేర్పేవాళ్ళకూ తెలుసు. 2009 జూలై 31న అప్పటి మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయారు. ఆ తరువాత గానీ దాన్ని పూర్తిగా ఆపలేదు. అప్పటికి 17 ప్రమాదాల్లో 19 మంది పోయారని పత్రికలు లెక్క కట్టాయి. బదులుగా స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ విమానాలు వచ్చింది 2013లో. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళను అడుగుతున్నాను: ఒకే లోపం పదిహేడుసార్లు మనిషిని తింటే దాన్ని లోపం అనాలా, అలవాటు అనాలా?

అవతలి వాదన నాకు తెలియకపోలేదు. మా కాలేజీలోనే పనిచేసిన ఒక మాజీ సైనికాధికారి నాతో వాదించారు. "రిపోర్టు బయటపెడతామంటే పైలట్లు నిజం చెప్పరయ్యా. నిజం చెప్పకపోతే రేపు ఇంకొకడు చస్తాడు" అన్నారు. అందులో న్యాయం ఉంది. పైలట్ తన తప్పును భయం లేకుండా ఒప్పుకోగలగాలి. పైలట్ల తప్పులూ ఉంటాయి, లేవని నేననను. 2012లో రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం, కొన్న 872 మిగ్‌లలో 482 ప్రమాదాల్లో పోయాయి, 171 మంది పైలట్లు చనిపోయారు. కారణాలుగా మనిషి పొరపాటునూ, సాంకేతిక లోపాన్నీ రెంటినీ చెప్పారు. ఐతే అమెరికా వైమానిక దళం ఈ చిక్కును విప్పుకునే మార్గం వెతికింది. అక్కడ రెండు విచారణలు. ఒకటి భద్రత కోసం, అందులో పైలట్ చెప్పింది రహస్యం, అతనిపై వాడరు. రెండోది ప్రజలకోసం, ఆ నివేదిక బయటపెడతారు, కుటుంబానికి వివరిస్తారు. మన దగ్గర ఆ రెండోది ఎందుకుండకూడదు? రహస్యం పేరుతో రాడార్ సంగతులు దాచుకోండి, ఒప్పుకుంటాం. వెల్డింగు సరిగ్గా లేదన్న సంగతిలో దేశ రహస్యమేముంది?

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు ఘనంగా వీడ్కోలు చెప్పారు. టీవీలో చూస్తూ అన్నకు ఫోన్ చేశాను. ఆయన కూడా ఒకసారి హ్యాండిల్ లాగినవాడే. పక్షి తగిలి ఇంజిన్ ఆగింది. పొలంలో పడ్డవాణ్ణి రైతులు మంచం మీద మోసుకొచ్చారు. ఆసుపత్రిలో నడుం కదపడానికి లేక, ఒంటిమీది ఓవరాల్‌ను డాక్టర్లు కత్తెరతో కోసి తీసేశారు. నాలుగు నెలల తరువాత స్టోర్సు నుంచి కాగితం వచ్చింది: మీకిచ్చిన ఓవరాల్ ఒకటి, చేతి గడియారం ఒకటి తిరిగి జమ కాలేదు, కారణం తెలుపగలరు. గడియారం ఏ చేలో పడిపోయిందో రాసిచ్చాడు. ఓవరాల్ కోసిన డాక్టరు అప్పటికి వేరే ఊరికి బదిలీ అయ్యాడు. ఆయన సంతకంతో సర్టిఫికెట్టు తెప్పించడానికి మూడు ఉత్తరాలు రాయాల్సి వచ్చిందట. చెబుతూ నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు.

"మరి ఎంక్వయిరీ రిపోర్టు?" అన్నాను.

"అడిగాను. కాన్ఫిడెన్షియల్ అన్నారు. సర్టిఫికెట్టు నకలు మాత్రం బీరువాలో ఉంది, వచ్చినపుడు చూపిస్తాలే" అన్నాడు.